లావూ వాలూ కలిసిన అక్షరం

గోడ మీద పెద్ద అక్షరాలతో 'భారీ తగ్గింపు' అని రాసి ఉందనుకోండి. అక్షరాలు బాగా లావుగా ఉన్నాయి, పైగా కుడివైపుకి ఒరిగి ఉన్నాయి. ఆ రెండు మాటలూ చదవడానికి ముందే రెండు సంగతులు మనకి చేరిపోతాయి. ఇది గట్టిగా చెబుతున్న మాట అన్నది ఒకటి. నింపాదిగా కూర్చుని చెబుతున్నది కాదు, కదులుతూ చెబుతున్నది అన్నది రెండోది. లావు వల్ల గట్టిదనం వచ్చింది, ఒరగడం వల్ల కదలిక వచ్చింది. ఈ రెండూ ఒకే ఒంట్లో పెట్టుకున్న టైపుని బోల్డ్ ఇటాలిక్ అంటారు. దాన్ని పుస్తకం లోపలి పేజీల కోసం కాకుండా పోస్టరుకీ, షాపు బోర్డుకీ, పత్రిక హెడ్డింగుకీ పనికొచ్చేలా గీస్తే అది డిస్‌ప్లే టైపు అవుతుంది.

కంప్యూటర్లో 'బి' బటన్ నొక్కితే లావెక్కుతుంది, 'ఐ' బటన్ నొక్కితే వాలుతుంది. అందువల్ల ఇది అక్షరాల్లో ఒక ప్రత్యేకమైన జాతి అన్న సంగతే చాలామందికి తట్టదు. గీసిన బోల్డ్ ఇటాలిక్ వేరు, బటన్ నొక్కి తెచ్చుకున్నది వేరు. ఆ తేడా ఎక్కడ ఉందో, తెలుగు దగ్గరికి వచ్చేసరికి అది ఇంకా పెద్దదెందుకవుతుందో విప్పి చెప్పాలని నా ప్రయత్నం.

ముందు సైజు సంగతి చూద్దాం. అచ్చుపనిలో కొలత పాయింటు. ఈనాటి కంప్యూటర్ లెక్కలో అంగుళానికి 72 పాయింట్లు. ఇంగ్లీషు పుస్తకాల్లో అక్షరం 10, 11 పాయింట్ల దగ్గర ఉంటుంది. తెలుగుకి పైన గుడులూ కింద ఒత్తులూ ఉన్నాయి గనక కాస్త పెద్దగా వేస్తారు. ఆ సైజులో అక్షరం తన వైపు చూపు లాక్కోకూడదు, చదివేవాణ్ణి కథలోకి పోనివ్వాలి. 24 పాయింట్లు దాటాక లెక్క మారిపోతుంది. అక్కడ ఉండేది నాలుగైదు మాటలు. చదివేవాడు రోడ్డుకి అవతల ఉంటాడు, లేదా పేజీలు తిప్పేస్తూ ఉంటాడు, లేదా బండి మీద పోతూ ఉంటాడు. అక్కడ అక్షరం తన ఆకారంతోనే సగం మాట చెప్పేయాలి. బోల్డ్ ఇటాలిక్‌కి సొంత ఇల్లు ఈ పెద్ద సైజులోనే.

అయితే వాలు, లావు ఒక చోట పుట్టినవి కావు. వాటి పుట్టుకల మధ్య మూడొందల ఏళ్ల ఎడం ఉంది.

వాలు వెనిస్‌లో పుట్టింది. ఆల్డస్ మనూషియస్ అనే ప్రచురణకర్త కోసం ఫ్రాంచెస్కో గ్రిఫో ఆ అక్షరాలు చెక్కాడు. 1501లో వర్జిల్ కావ్యాలు ఆ టైపుతో, చేతిలో ఇమిడే పుస్తకంగా వచ్చాయి. అప్పటి ఇటలీ పండితులు కలంతో గబగబా రాసుకునే దస్తూరీ దానికి మాతృక. చెయ్యి వేగంగా నడిస్తే అక్షరం ముందుకి ఒరుగుతుంది, ఒళ్లు సన్నబడుతుంది, ఒకదాని కొస రెండోదాని మొదలుని వెతుక్కుంటుంది. ఆ తొలి పుస్తకాల్లో చిన్న అక్షరాలు మాత్రమే వాలి ఉంటాయి, కేపిటల్ అక్షరాలు నిటారుగానే నిలబడి ఉంటాయి. పైగా పుస్తకం మొత్తం ఇటాలిక్కే. నిటారు అక్షరాల మధ్య ఒక్క మాటని వేరుచేసి చూపడానికి వాలు అక్షరం వాడటం ఆ తర్వాతి కాలంలో కుదురుకున్న అలవాటు. అంటే ఇటాలిక్ పుట్టుకతో సన్నటిది, మెత్తటి గొంతుది. అరవడం దానికి తెలియదు.

అరవడం నేర్పింది లండన్. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో అచ్చు పుస్తకాల్లోంచి గోడల మీదికి పాకింది. లాటరీలు, నాటకాలు, గుర్రపు బండ్ల సర్వీసులు, వేలంపాటలు అన్నిటికీ కాగితాలు అంటించేవారు. ఒక గోడ మీద ఇరవై కాగితాలుంటే తమదే ముందు కనబడాలని అందరికీ ఉంటుంది కదా. పుస్తకాల అక్షరాన్ని పెద్దది చేసినంత మాత్రాన ఆ పని జరగలేదు, దాన్ని లావు చేయాల్సి వచ్చింది. అచ్చు అక్షరాలు పోతపోసే రాబర్ట్ థోర్న్ అనే టైపు ఫౌండర్ ఈ దారిలో ముందున్నాడు. ఆ అక్షరాలకి 'ఫ్యాట్ ఫేస్' అని పేరు పడింది. 1820లో థోర్న్ పోయాక అతని ఫౌండ్రీని విలియం థోరోగుడ్ కొన్నాడు. లాటరీలో గెలిచిన డబ్బుతో కొన్నాడని అచ్చు చరిత్రకారులు చెబుతారు. లాటరీ కాగితాల మీద బలిసిన అక్షరాలు లాటరీ డబ్బుతోనే చేతులు మారాయన్నమాట. అదే ఫౌండ్రీ నుంచి 1845లో రాబర్ట్ బెస్లీ క్లారెండన్ అనే టైపు తెచ్చాడు. నిఘంటువుల్లాంటి పుస్తకాల్లో మామూలు అక్షరాల మధ్య ఒక మాటని నల్లగా చూపడానికి అది బాగా పనికొచ్చింది. పేజీ లోపల బోల్డ్ వాడే అలవాటు అలా బలపడింది.

ఫ్యాట్ ఫేస్‌కి వెంటనే ఇటాలిక్ తోడు కూడా వచ్చింది. నేను అనుకోవడం, బోల్డ్ ఇటాలిక్ డిస్‌ప్లే టైపుకి అసలైన ఆరంభం అక్కడే. ఆ అక్షరాన్ని దగ్గరగా చూడండి. లావు గీత మందం అక్షరం ఎత్తులో మూడో వంతు దాటి ఉంటుంది. దాని పక్కనే ఉండే సన్న గీత వెంట్రుకవాసి. సన్న గీతల కొసల్లో గుండ్రటి బొట్లు. అక్షరం లోపలి ఖాళీ ఒక పలచని చీలికలా మిగులుతుంది. ఇదంతా నిటారుగా ఉంటే గోడలా నిలబడిపోయి కాస్త మొద్దుగా కనబడుతుంది. వాలిస్తే ఒంట్లోకి ఒంపు వస్తుంది. లావు గీతలన్నీ ఒకే దిక్కుకి ఒరుగుతాయి, వాటి మధ్య వెంట్రుక గీతలు కొరడాల్లా విసురుగా పోతాయి. బరువు నెత్తిన పెట్టుకున్న మనిషి నిటారుగా నడవడు, ముందుకి వంగి వడివడిగా అడుగేస్తాడు. లావు అక్షరానికి వాలు నప్పడంలో ఉన్న రహస్యం ఇదేనని నాకనిపిస్తుంది.

ఈ అందం టైపు పోతపోసేవాళ్లకి మాత్రం పెద్ద చిక్కు తెచ్చింది. సీసపు అక్షరం ఒక నలుచదరపు దిమ్మె మీద ఉంటుంది. అక్షరం వాలితే దాని పై కొస దిమ్మె దాటి పక్క దిమ్మె మీదికి పొడుచుకొస్తుంది. అలా బయటికి వచ్చిన భాగాన్ని కెర్న్ అనేవారు. దాని అడుగున ఆసరా ఉండదు గనక ప్రెస్సు ఒత్తిడికి పుటుక్కున విరిగేది. ఇంగ్లీషు చిన్న 'ఎఫ్'కి పైనా కిందా రెండు కొసలూ బయటికే, అందువల్ల ఎక్కువగా విరిగేది అదే. ఈ బాధ పడలేక దిమ్మెనే ఏటవాలుగా పోతపోసే పద్ధతులు వచ్చాయి. పారిస్‌లో ఫిర్మాన్ దిదో చేతిరాత టైపుల కోసం అలాంటి దిమ్మెలు చేయించాడు. మరీ పెద్ద సైజుల్లో సీసం బరువు, ఖర్చు తట్టుకోలేక అచ్చువాళ్లు చెక్క అక్షరాల వైపు మళ్లారు. 1827లో న్యూయార్క్‌లో డేరియస్ వెల్స్ చెక్కని యంత్రంతో తొలిచి అక్షరాలు తీసే దారి కనిపెట్టాక పోస్టరు అక్షరం జానెడు, మూరెడు ఎత్తుకి ఎదిగింది.

ఇరవయ్యో శతాబ్దంలో ఆ పాత ఫ్యాట్ ఫేస్ మళ్లీ ఫ్యాషన్‌లోకి వచ్చింది. అమెరికన్ టైప్ ఫౌండర్స్‌లో మోరిస్ ఫుల్లర్ బెంటన్ 1928లో గీసిన అల్ట్రా బొడోని ఆ వరసలోదే. షికాగోలో ఆస్వాల్డ్ కూపర్ అంచులన్నీ గుండ్రంగా కరిగించి కూపర్ బ్లాక్ గీశాడు. దానికీ ఇటాలిక్ ఉంది. అల్ట్రా బొడోని ఇటాలిక్‌లో దర్జా కనబడుతుంది, కూపర్ ఇటాలిక్‌లో బొద్దుపిల్లాడి హుషారు కనబడుతుంది. రెండూ లావే, రెండూ వాలే. అయినా పట్టుచీరల కొట్టుకి మొదటిది నప్పుతుంది, ఐస్‌క్రీమ్ బండికి రెండోది నప్పుతుంది. కాబట్టి 'బోల్డ్ ఇటాలిక్ పెట్టండి' అన్నంత మాత్రాన పని తేలదు. ఏ బోల్డ్ ఇటాలిక్ అన్నది అసలు ప్రశ్న.

ఇక్కడ ఇంకో తేడా చెప్పుకోవాలి. ఇటాలిక్‌లో రెండు రకాలున్నాయి. ఒకటి నిజంగా చేతిరాత వంశానిది. అందులో అక్షరం ఆకారమే మారిపోతుంది. ఇంగ్లీషు చిన్న 'ఎ' నిటారు టైపులో రెండంతస్తులుగా ఉంటుంది, అసలైన ఇటాలిక్‌లో ఒకే గుండ్రంగా అయిపోతుంది. చిన్న 'ఎఫ్' కిందికి తోక దించుతుంది. రెండో రకంలో ఆకారం మారదు, నిటారు అక్షరమే ఒరుగుతుంది. దీన్ని ఆబ్లిక్ అంటారు. జామెట్రీ లెక్కన వృత్తాలూ సరళరేఖలతో కట్టిన టైపులకి ఎక్కువగా ఈ రెండో రకమే తోడుంటుంది. పాల్ రెన్నర్ గీయగా 1927లో ఫ్రాంక్‌ఫర్ట్‌లోని బావర్ ఫౌండ్రీ విడుదల చేసిన ఫ్యూచురా దీనికి మంచి ఉదాహరణ. దాని బోల్డ్ ఆబ్లిక్‌కి ఒక్క మనిషి చేతిలో ఎంత బలం వచ్చిందో చూస్తే, టైపు ఎలా మాట్లాడుతుందో తెలుస్తుంది.

ఆ మనిషి బార్బరా క్రూగర్. అమెరికన్ చిత్రకారిణి, 1945లో పుట్టారు. ముందు పత్రికల్లో పేజీ డిజైనరుగా పనిచేశారు. తర్వాత పాత నలుపు తెలుపు ఫోటోలు తీసుకుని వాటి మీద ఎర్రటి పట్టీలు వేసి, ఆ పట్టీల్లో తెల్లటి ఫ్యూచురా బోల్డ్ ఆబ్లిక్‌తో ఐదారు మాటలు పెట్టడం మొదలుపెట్టారు. 1989లో వాషింగ్టన్‌లో స్త్రీల హక్కుల ఊరేగింపు కోసం చేసిన 'యువర్ బాడీ ఈజ్ ఎ బ్యాటిల్‌గ్రౌండ్' వాటిలో బాగా పేరున్నది. దాన్ని చూస్తే ఒక పనితనం కళ్లబడుతుంది. పట్టీ నిటారుగా ఉంటుంది, మూలలు నిక్కచ్చిగా ఉంటాయి. లోపలి అక్షరాలు మాత్రం ముందుకి ఒరిగి ఉంటాయి. పెట్టె కదలదు, అందులోని మాట కదులుతోంది. ఆ రెంటి పెనుగులాటే చూసేవాళ్లని పట్టుకుంటుంది. అవే అక్షరాలు నిటారుగా ఉంటే అది సర్కారు నోటీసు అయ్యేది. సన్నటి ఇటాలిక్ అయితే గుసగుసగా తేలిపోయేది.

1994లో న్యూయార్క్‌లో మొదలైన సుప్రీమ్ అనే బట్టల కొట్టు కూడా ఎర్ర పెట్టెలో తెల్లటి ఫ్యూచురా వాలు అక్షరాలనే గుర్తుగా పెట్టుకుంది. వస్తువులు కొనడాన్నే ప్రశ్నించిన చిత్రకారిణి గొంతు ఒక కొట్టు బోర్డుకి ఎక్కింది. అక్షరానికి సొంతంగా సిద్ధాంతం ఉండదు, స్వభావం మాత్రం ఉంటుంది. ఎవరు పట్టుకుంటే వాళ్ల మాటకి ఆ స్వభావాన్ని అరువిస్తుంది.

వాలు చూడగానే వేగం ఎందుకు తోస్తుంది? చేతిరాత ఒక కారణమని ఇందాక అనుకున్నాం. ఇంగ్లీషైనా తెలుగైనా ఎడమ నుంచి కుడికి చదువుతాం గనక, కుడికి ఒరిగినది మనం పోయే దిక్కుకే పోతున్నట్టుంటుంది. అదే ఎడమకి ఒరిగితే వెనక్కి లాగుతున్నట్టు, బ్రేకు వేసినట్టు ఉంటుంది. ఫోటోగ్రఫీ కూడా ఈ నమ్మకానికి ఆజ్యం పోసింది. 1910లలో ఫ్రాన్స్‌లో జాక్ ఆంరీ లార్టీగ్ అనే కుర్రాడు కారు పందెం ఫోటో తీశాడు. అతని కెమెరా షట్టరు ఒక సన్నటి చీలికగా ప్లేటు ముందు కదిలేది, బొమ్మ మొత్తం ఒక్క క్షణంలో పడేది కాదు. చక్రం కింది భాగం ఒక క్షణంలో, పైభాగం మరో క్షణంలో పడేసరికి గుండ్రటి చక్రం ముందుకి ఒరిగిన కోడిగుడ్డు ఆకారంలో వచ్చింది. పోయే బండి చక్రం ముందుకి వాలినట్టు గీయడం కార్టూన్లలో ఎంత మామూలో మనకి తెలుసు. రేసు బైకుల ట్యాంకు మీద, ఆటగాళ్ల జెర్సీల మీద, కొరియర్ వ్యాన్ల మీద లావు వాలు అక్షరాలు తరచూ కనబడటం వెనక ఈ చూపు అలవాటు ఉంది.

ఇక పనితనం సంగతి. వాలించడమంటే అక్షరాన్ని అడుగున పట్టుకుని పైభాగాన్ని కుడికి తొయ్యడమే కదా, ఇందులో గీయడానికి ఏముంది అనిపిస్తుంది. ఒక సున్నతో పరీక్ష చేద్దాం. చుట్టూ ఒకే మందం, 20 పాళ్లు, ఉన్న లావుపాటి సున్న తీసుకోండి. దాన్ని 14 డిగ్రీలు ఒరగదొయ్యండి. వెబ్ పేజీల ప్రమాణంలో కోణం చెప్పకుండా ఆబ్లిక్ అడిగితే తీసుకునే కోణం అదే. లెక్క వేస్తే కుడి పై మూలా, ఎడమ కింది మూలా మందం 22.6కి పెరుగుతుంది. ఎడమ పై మూలా, కుడి కింది మూలా 17.7కి తగ్గుతుంది. అంటే ఒకే సున్నలో రెండు చోట్ల మందాల మధ్య సుమారు 28 శాతం తేడా. సన్నటి అక్షరంలో ఈ తేడా కంటికి ఆనదు. లావు అక్షరంలో, అదీ రెండడుగుల ఎత్తున ఫ్లెక్సీ మీద, సున్న ఒక మూల వాచినట్టూ ఒక మూల నలిగినట్టూ కొట్టొచ్చినట్టు కనబడుతుంది. గీసేవాడు ఆ వాపుని చెక్కేసి, నలిగిన చోట కండ పెడతాడు. అక్షరానికి అక్షరం, వంపుకి వంపు ఇలా సరిచేయాలి. బటన్ ఆ పని చేయదు.

లావు చేయడంలోనూ ఇదే తంతు. ఫ్లెక్సీ షాపుల్లో ఫాంటుకి బోల్డ్ లేకపోతే అక్షరం చుట్టూ అదే రంగు అవుట్‌లైన్ ఇస్తారు. 4 పాయింట్ల గీత ఇస్తే అందులో సగం బయటికి పోతుంది, సగం లోపలికి వస్తుంది. బయట పెరిగినదానివల్ల నష్టం కాస్త తక్కువ. లోపలికి వచ్చిన సగం అక్షరం కడుపులోని ఖాళీని తినేస్తుంది. అక్షరాన్ని మనం గుర్తుపట్టేది నల్లదనంతో ఎంతో, ఆ తెల్లటి ఖాళీతోనూ అంతే. నిజంగా గీసిన బోల్డ్‌లో అక్షరం కాస్త వెడల్పు అవుతుంది, రెండు గీతలు కలిసే మూలలో కొంచెం కోత పెడతారు, లోపలి ఖాళీని ప్రాణంలా కాపాడతారు.

తెలుగు దగ్గరికి వద్దాం. మన అచ్చులో నొక్కి చెప్పడానికి వాలు అక్షరం వాడే సంప్రదాయం పెద్దగా లేదు. పుస్తకాల పేర్లకి ఒంటి కోట్లు పెడతాం, ముఖ్యమైన మాటని బోల్డ్ చేస్తాం, లేదా రంగు మారుస్తాం. దీనికి కారణం ఉంది. ఇంగ్లీషు అక్షరాల్లో నిలువు గీతలు ఎక్కువ. నిలువు గీత ఒరిగితే ఒరిగిందని వెంటనే తెలుస్తుంది. తెలుగులో నిలువు గీత వెతుక్కోవాలి. ఠ, ర, ం లాంటి వాటిని వాలిస్తే వాలిన అక్షరం కనబడదు, కోడిగుడ్డు కనబడుతుంది. మన అక్షరాల్లో వాలు తెలిసేది తలకట్టులో, కొమ్ము తోకలో, దీర్ఘం కొసలో. పైగా మన తలకట్టు నిటారు అక్షరంలో కూడా కుడివైపుకి పైకి లేచే గీతే. తెలుగు అక్షరం సహజంగానే కాస్త కదులుతూ ఉంటుంది.

రెండో ఇబ్బంది ఎత్తు. ఇంగ్లీషు కేపిటల్ అక్షరం 70 పాళ్ల ఎత్తు అనుకుంటే, 14 డిగ్రీల వాలుకి దాని తల 17 పాళ్లు కుడికి జరుగుతుంది. మన 'స్త్రీ' తీసుకోండి. గుడిదీర్ఘంతో కలిపి గీత మీద 100 పాళ్లు, త ఒత్తూ ర ఒత్తూ కలిసి గీత కింద 60 పాళ్లు ఉందనుకుందాం. గుడి 25 పాళ్లు కుడికి పోతుంది, ఒత్తు 15 పాళ్లు ఎడమకి పోతుంది. పైదానికీ కిందిదానికీ 40 పాళ్ల ఎడం. స ముందుకి దూకుతుంటే ఒత్తులు వెనకబడి వేలాడుతున్నట్టుంటుంది. ఇంగ్లీషుకి సరిపోయిన కోణం తెలుగుకి అతి అవుతుందని దీన్నిబట్టే తెలుస్తుంది. అదే 8 డిగ్రీలకి తగ్గిస్తే మొత్తం జరుగుడు 22 పాళ్ల దగ్గర ఆగుతుంది. తెలుగు హెడ్డింగుకి 7, 8 డిగ్రీలు దాటకపోవడం మేలని నా అభిప్రాయం. ఒత్తుల్ని విడిగా పట్టుకుని కుడికి జరిపి అక్షరం కిందికి తేవడం ఇంకా మేలు.

మూడోది అక్షరాలు ఒకదాన్నొకటి పోలి ఉండటం. ప తలకట్టు ఒంటిని తాకదు, పైన సందు ఉంటుంది. వ దగ్గర గీత వచ్చి కలిసిపోతుంది. ఆ సందే పోతే 'పని' కాస్తా 'వని' అయి కూర్చుంటుంది. థ కడుపులో చుక్క ఉంటుంది, ధ కింద చిన్న గీత ఉంటుంది, ద కి ఈ రెండూ ఉండవు. అవుట్‌లైన్ ఇచ్చి లావు చేస్తే థ లోని చుక్క చుట్టూ ఉన్న తెలుపు పూడిపోతుంది, ధ గీత ఒంటికి అతుక్కుపోతుంది. ఆపైన వాలిస్తే కన్ను ఇంకా తికమకపడుతుంది. 'దసరా ధమాకా' అని వేస్తే రెండు మాటలూ ఒకే ద తో మొదలైనట్టు కనబడే బోర్డులు పండగ రోజుల్లో ఏ సెంటర్లోనైనా దొరుకుతాయి.

ఇదంతా మనవాళ్లకి తెలియని విద్యేమీ కాదు. సినిమా టైటిళ్లు ఫాంటులో వేయడం మొదలుకాక ముందు ప్రతి సినిమాకీ కొత్తగా అక్షరాలు గీసేవారు. ఈశ్వర్, గంగాధర్ లాంటి పబ్లిసిటీ ఆర్టిస్టులు ఆ పనిలో పేరుపడ్డారు. ఆనాటి పోస్టర్ల మీద లావుగా, వాలుగా గీసిన టైటిల్ ఎక్కడైనా దొరికితే ఒత్తుల దగ్గర ఆగి చూడండి. చేత్తో గీసేవాడు కోణానికి కట్టుబడడు. ఒత్తుని చిన్నది చేసి అక్షరం కిందే సర్దుతాడు, తలకట్టుని కాస్త పొడుగు సాగదీసి కదలిక తెస్తాడు, చివరి అక్షరం కొమ్ముని వెనక్కి తిప్పి టైటిల్ మొత్తానికి కింద పట్టీగా పరుస్తాడు. గోడల మీద బ్రష్షుతో రాసే పెయింటర్ల చేతిలోనూ ఈ నేర్పు ఉంది. వాళ్లు ముందు సుద్దతో పైగీతా కిందిగీతా కొట్టుకుంటారు, ఒక మాట రాసి వెనక్కి నడిచి దూరం నుంచి చూసుకుంటారు, అప్పుడే రెండో మాటకి పోతారు.

కంప్యూటర్ ఫాంట్లలో ఆ నేర్పు ఇంకా పూర్తిగా దిగలేదు. హెడ్డింగులకి పనికొచ్చే లావు తెలుగు ఫాంట్లు ఇప్పుడు ఉచితంగానే దొరుకుతున్నాయి. పురుషోత్ కుమార్ గుత్తుల గీయగా సిలికానాంధ్ర తెచ్చిన రామభద్ర ఉంది. ముంబైలోని ఏక్ టైప్ బృందం చేసిన బలూ తమ్ముడు ఉంది, సన్నటి నుంచి చాలా లావు వరకూ సాగే అనేక్ తెలుగు ఉంది. వీటిలో దేనికీ గీసిన ఇటాలిక్ తోడు లేదు. వాలు కావాలంటే సాఫ్ట్‌వేరు ఒరగదోసి ఇచ్చేదే గతి. మరోవైపు టిరో తెలుగు అనే ఫాంటుకి ఇటాలిక్ ఉంది. హార్వర్డ్ యూనివర్సిటీ ప్రెస్ వేస్తున్న మూర్తి క్లాసికల్ లైబ్రరీ పుస్తకాల కోసం మొదలైన పనిలోంచి ఫియోనా రాస్, జాన్ హడ్సన్ దాన్ని తీర్చారు. తెలుగుకి గీసిన వాలు సాధ్యమేనని అది రుజువు చేస్తుంది. కాకపోతే అది పుస్తకం పేజీకి పనికొచ్చే మామూలు మందం అక్షరం, పోస్టరుకి సరిపోయే లావు దానికి లేదు. రామభద్ర అంత లావు, టిరో అంత శ్రద్ధగా గీసిన వాలు ఒకే తెలుగు ఫాంటులో రావాలని నాకు గట్టిగా ఉంది. మన భాషలో ఇన్ని సినిమాలు, ఇన్ని పత్రికలు, ఇన్ని బోర్డులు ఉండగా ఇది అత్యాశేం కాదు.

అంతవరకూ డీటీపీ చేసేవాళ్లూ, ఫ్లెక్సీ వేయించుకునేవాళ్లూ ఏం చేయాలి? ముందుగా వాడకూడని చోట్లు. పేరా మొత్తం బోల్డ్ ఇటాలిక్ వద్దు. రెండు లైన్లకే కన్ను అలిసిపోతుంది, పైగా అంతా అరుపే అయినప్పుడు ఏదీ వినబడదు. చిరునామా, ఫోన్ నంబరు, తేదీ నిటారుగా ఉండాలి. అవి ఒక్కో అంకె చూసి చదువుకునేవి. మందుల సూచనలు, దారి చూపే బోర్డులు, సంతాప ప్రకటనల్లో దీనికి పని లేదు. నప్పే చోట్లు ఎలాగూ కొన్నే: ఆటల పోటీ పేరు, సినిమా టైటిల్, పత్రికలో వ్యాసం మధ్య పైకి లాగి చూపే ఒక వాక్యం, పరిమితమైన రోజులే ఉండే అమ్మకం, ఊరేగింపు బ్యానరు మీది నినాదం. ఒక బోర్డులో ఒక్క మాటకే ఇవ్వాలి, దాని చుట్టూ ఉన్నవన్నీ నిటారుగా, సన్నగా ఉండాలి.

ఆ ఒక్క మాటనీ కోరల్‌డ్రాలో ఇలా చేయొచ్చు. ముందు నిజంగా లావుగా గీసిన ఫాంటు ఎంచుకోండి, అవుట్‌లైన్‌తో లావు చేయకండి. అక్షరాలు కర్వ్స్‌లోకి మార్చాక రెండోసారి క్లిక్ చేస్తే చుట్టూ బాణాలు వస్తాయి. పైన మధ్యలో ఉన్నదాన్ని పట్టుకుని కుడికి లాగితే మాట ఒరుగుతుంది. 7, 8 డిగ్రీల దగ్గర ఆపండి. తర్వాత మాటని విడగొట్టి ఒత్తుల్ని ఒక్కొక్కటిగా కుడికి జరపండి, అక్షరం నడుము కిందికి వచ్చేదాకా. గుండ్రటి అక్షరాల కుడి పై మూల వాచి ఉంటే షేప్ టూల్‌తో ఆ వంపుని కాస్త లోపలికి నొక్కండి. చివర్లో ఆ మాటని ఏ4 కాగితం మీద చిన్నగా ప్రింటు తీసి గది అవతలి గోడకి పెట్టి చూడండి. ప సందు తెరిచే ఉందా, థ చుక్క విడిగా ఉందా, ధ గీత ఒంటికి తగలకుండా ఉందా అన్నవి అక్కడి నుంచే తేలిపోతాయి. ఏదైనా పూడిపోతే వాలు జోలికి పోకుండా లావు ఒక మెట్టు తగ్గించండి.